రెండిరవైలు, దా, ఒకటి

ఈ జార్జియా పల్లెలో పూరి అంటే రొట్టె.
వచ్చిన మర్నాడు జూజునా పెద్దమ్మ "పూరి?" అని అడిగితే
నూనెలో పొంగిన గుండ్రటి ఆదివారమొకటి కళ్ల ముందు తేలి
బుర్ర గబగబా ఊపేశాను.
ఆవిడ పొయ్యిలోకి, అది పొయ్యి కాదు నిప్పుల బావి,
నడుం దాకా దూరి
కాళ్లు గాల్లోకి లేచేలా వంగి
లోపలి గోడకి పిండి చరిచి
బతికి బయటికొచ్చింది.
పడవలా ఉంది రొట్టె. ఒక అంచు మాడింది.
ఆ మాడిన అంచు కోసం ఇప్పుడు నేనూ
ఆవిడ మనవరాలు ఎతేరీ రోజూ పోట్లాడుకుంటాం.

ఇంకాస్త పెట్టనా అంటే "అర" అనేదాన్ని, అరముక్క చాలని.
అర అంటే వీళ్లకి వద్దు అని.
అతిథి వద్దంటే వినే మనుషులు కారు కాబట్టి సరిపోయింది,
అర అన్నప్పుడల్లా రెండు పడేవి.

గేటు దగ్గర నిలబడితే "రా?" అంటారు.
ఏమిటి? అని అడగడం అది.
నేను చెప్పులు విప్పి లోపలికి నడిచేసేదాన్ని.
అలా పిలవని ఇళ్లెన్నింటిలో కూచున్నానో,
పచ్చి అక్రోటుకాయల మురబ్బా ఎన్ని గిన్నెలు నాకానో!
(మురబ్బాని మురబ్బా అనే అంటారు. అందులో మోసం లేదు.)

ఇంగ్లీషు చెప్పడానికి వచ్చాను. బడిలో పదకొండుమంది.
మధ్యాహ్నం రెండయ్యేసరికి పాఠం అయిపోతుంది, పగలు అయిపోదు.
మంగళవారం వ్యాను వచ్చి హారన్ కొడుతుంది:
ఉప్పు, అగ్గిపెట్టెలు, ఒకే సైజు రబ్బరు బూట్లు.
ఒతార్ తాత కొడవలి అంచు మీద బొటనవేలు పెట్టి
ఎవరో చెవిలో గుట్టు చెబుతున్నట్టు కళ్లు మూసుకుంటాడు.
కుళాయి వచ్చే గంటన్నరలో
వీధి వీధంతా బిందెల భాషే.
ఆ భాష నాకు ముందే వచ్చు.

ఊరి ఆవుల్ని ఇంటికొకరోజు వంతున తోలుకెళ్తారు.
మా వంతు వచ్చిన నాడు పెద్దమ్మ మోకాలు వాచింది.
కర్ర నా చేతికొచ్చింది.
పాత గుడ్డలో రొట్టె, జున్ను, దోసకాయ,
కాగితంలో చిటికెడు ఉప్పు.
జూజునా చెప్పిన లెక్క:
ఒర్మొత్స్ దా ఎర్తి.
రెండిరవైలు, దా, ఒకటి.
నిమ్మకాయల్ని పుంజీల్లో లెక్కపెట్టిన నాయనమ్మకి మనవరాల్ని,
ఇరవైలు నాకేం భయం?

ఏటి రాళ్ల మధ్య పగలంతా
ఆవులు మేశాయి, నేను మబ్బుల్ని మేశాను.
సాయంత్రం లెక్క చూస్తే రెండిరవైలే.
నిషా లేదు, నుదుట తెల్ల చుక్క ఉన్న మా నిషా.
ముళ్లపొదలు వెతికాను, వాగు గట్టు వెతికాను.
గొంతులో జార్జియన్ మొత్తం ఆవిరైపోయి
మిగిలిన ఒక్క మాటతో అరిచాను:
దా, నిషా, దా, దా తల్లీ!

వెనక ఎవరో పడీ పడీ నవ్వుతున్నారు.
ఎతేరీ.
"దా" అంటే వీళ్లకి "మరియు" అని.
మరియు, నిషా, మరియు, మరియు అని
పొద్దుగూకే వేళ ఏరంతా మారుమోగించానన్నమాట.
అక్కచెల్లెల్ని కూడా "దా" అనే అంటారట.
"అయితే ఆవు నీకు అక్కా చెల్లా, టీచర్?"

నలభై ఆవులు
మమ్మల్ని అడక్కుండానే ఇంటిదారి పట్టాయి.
ఎవరి గేటు దగ్గర వాళ్లది ఆగింది,
చివరి స్టాపులో దిగే ఉద్యోగుల్లా.
నిషా ఎప్పుడొచ్చిందో ఏమో,
పెద్దమ్మ అప్పటికే పాలు పితుకుతోంది.
బకెట్లో పాలచప్పుడు మొదట సన్నగా, తర్వాత బొద్దుగా.

మోకాళ్ల దాకా బురదతో గేటు దగ్గర నిలబడ్డాను.
తల ఎత్తకుండానే ఆవిడ "రా?" అంది.

అర్థం తెలుసు ఈసారి.
అయినా లోపలికే వెళ్లాను.

రొట్టె ఇంకా వేడిగా ఉంది.
మాడిన అంచు మాత్రం
ఎతేరీ నాకన్నా ముందు పరిగెత్తి తినేసింది.