ఒక బకెట్ వేడినీళ్ళు

టిన్ ఫ్యాక్టరీ దాటేదాకా
బెంగళూరు నన్ను నమ్మలేదు.
తెల్లవారుజామున నాలుగింటికి
యాభై రెండేళ్ళ ఆడమనిషి
గేర్ల సైకిలు మీద ఎటు పోతోందని
పాలవ్యాను కుర్రాడు బ్రేకు వేసి మరీ చూశాడు.
ఒక కుక్క కొంతదూరం తరిమి
నా వేగానికి జాలిపడి ఆగిపోయింది.

సైకిలు నాది కాదు.
మూడో అంతస్తు చెలువరాజుది.
మోకాలికి ఆపరేషనయ్యాక
అది వాళ్ళ బాల్కనీలో
తడి తువ్వాళ్ళు మోస్తూ ఉండేది.
ముందురోజు సాయంత్రం
నా పొట్టి కాళ్ళకు సరిపడా సీటు దించుతూ
పంక్చర్ల మునివెంకటప్ప
తన కోలారు తెలుగులో అడిగాడు:
"యాడికి పోతావక్కా, ఇంత మూట ఏసుకోని?"
అంతరగంగె కొండకాడికి, అన్నాను.
"బస్సుండాది గదా!"
ఉంది. నిజమే. బస్సుంది.

హోస్కోటె దగ్గర తెల్లారింది.
లారీ దాటినప్పుడల్లా గాలి
ముందు నన్ను పక్కకు నెట్టేసి
ఆ వెంటనే తనవైపు లాక్కుంది.
మా ఆసుపత్రిలో పెద్ద డాక్టర్లూ అచ్చం ఇంతే.
ముప్ఫై ఏళ్ళుగా
మోచేతి మడతల్లో ఇతరుల నరాలు వెతికినదాన్ని,
నరసాపురం ఎత్తు ఎక్కుతుంటే
మొదటిసారి నా రక్తం
నా చెవుల్లోనే వినిపించింది.
దిగి, నడిచి, తోసి,
మళ్ళీ ఎక్కాను.
ఎవరూ చూడలేదు.
చూసినా ఏం?

గుర్రప్ప తమాట తోట గట్టున గుడారం.
రాతినేల. మేకు దిగదు.
తాళ్ళను పళ్ళు నిండిన క్రేట్లకు కట్టాం.
"కొట్టంలో పండుకోమ్మా, వానొస్తాది" అన్నాడు.
వద్దన్నాను.
తన కుక్కను తెచ్చి దగ్గర్లో కట్టి
ఇంకేం మాట్లాడకుండా వెళ్ళిపోయాడు.

ఒంటిగంటకు వాన వచ్చింది.
గుడ్డ మీద చినుకులు
ఎవరో గుప్పెళ్ళతో బియ్యం చల్లుతున్నట్టు.
కుక్క తాడు తెంపుకుని
నా పాదాల దగ్గరికి దూరింది.
తడి బొచ్చు వాసన, పండిన తమాటల వాసన,
వాటి మధ్య ఎక్కణ్ణుంచో గంధకం.

తత్తాపాని.
ఇరవై రెండేళ్ళ కిందట, ఆసుపత్రి టూర్.
ఒకపక్క మంచులాంటి నది,
ఇంకోపక్క ఇసుకలోంచి పొగలు కక్కే నీళ్ళు.
అందరూ దిగారు.
వార్డెన్ సుగుణావతి సైతం
చీర మోకాళ్ళపైకి ఎగ్గట్టి దిగి
పసిపిల్లలా కేకలు పెట్టింది.
నేను ఒడ్డున కూర్చున్నాను,
ఎనిమిది జతల చెప్పులకూ
నాలుగు కెమెరాలకూ కాపలాగా.
"నువ్వు రావా?" అన్నారు.
వచ్చేసారి, అన్నాను.
బొటనవేలు మాత్రం ఇసుకలో గుచ్చి చూశాను.
కాలింది.
ఆ కాలిన చోటు ఇన్నేళ్ళుగా
నాతోపాటే రైళ్ళెక్కి దిగుతోంది.

పొద్దున్నే గుర్రప్ప కోడలు
ఇత్తడి చెంబుతో కాఫీ తెచ్చింది.
గుడారంలోకి తొంగిచూసి
"లోపల ఏముండాది?" అంది.
రమ్మన్నాను. వచ్చింది.
ఇద్దరం కాళ్ళు బయటపెట్టి, కాసేపు
ఏమీ లేకపోవడాన్ని చూస్తూ కూర్చున్నాం.

తిరుగుప్రయాణంలో
సైకిల్ని బస్సు నెత్తికెక్కించాను.
మునివెంకటప్పకు చెప్పకండి.

అపార్ట్‌మెంట్లో నీళ్ళ ట్యాంకరు రాలేదు.
లిఫ్టు తలుపుకి కాగితం:
ఇంటికి ఒక్క బకెట్.
ఒంటినిండా కోలారు మట్టి.
గీజరు ఊరికే దగ్గింది.
అప్పుడు జయశీల,
చెలువరాజు భార్య,
వాళ్ళ వాటాలోంచి సగం గ్యాసు మీద కాచి
రెండు చేతులా పట్టుకుని
మెట్లు దిగి వచ్చింది.
"తిరుగు" అంది కన్నడంలో.
తిరిగాను.
ఎండకు మాడిన మెడమీద
చెంబుతో పోసింది.
చురుక్కుమంది. ఆ తర్వాత
ఎముకల దాకా, ఇంకా లోపలికి,
ఎక్కడో గడ్డకట్టినదాని దాకా దిగింది.
ఎర్రమట్టి జాలి వైపు పారింది.
బయట ఎవరి చెప్పులూ లేవు,
నావి తప్ప.

నీళ్ళు చాలలేదు.
పిక్కమీద చెయిన్ నల్లమరక అలాగే ఉండిపోయింది.
సోమవారం ల్యాబుకు
దానితోనే వెళ్ళాను.