పేనుబంక లెక్క

కంబదూరు దాటినాక ఎడమకు మూడో చేను.
బుడ్డల చెట్లకు ఊడలు దిగే వారం,
వాన మాత్రం దిగలేదు.
పసుపు రంగు వేసి ఆముదం పూసిన రేకులు
నాలుగు మూలలా కర్రలకు కట్టి
పొద్దున్నే లెక్క పెడుతున్నాను,
గాలి ఎన్నిటిని తెచ్చి అంటించిందో.

లేత చిగురు కింద పేనుబంక,
నల్లగా, నూనె మెరుపుతో, ఒకదాని వీపు మీద ఒకటి.
రెక్కల్లేని తల్లి.
రసం చాలినన్నాళ్లు తనలాంటి కూతుళ్లనే కంటుంది.
ఒళ్లూ ఒళ్లూ ఒరుసుకునే రోజొస్తే
కడుపులో ఉన్నదానికి రెక్కలు కుడుతుంది.
తాను మటుకు కదలదు.

"యాడికి పోతాయి మేడం ఇవి?" సుంకమ్మ.
తెలియదు, అన్నాను.
"తెలీకుండానే పోతాయా?"

నా మూడేళ్లూ ఆ ప్రశ్న దగ్గరే ఆగాయి.
ఆకు ఇంకా పచ్చగా ఉండగానే కొన్ని ఎందుకు లేస్తాయి?
లేచినవి చాలావరకు ఏ రాతి మీదో ఎండిపోతుంటే
ఆ లేచే గుణం తరతరానికీ ఎలా మిగిలింది?
కాగితం మీద జవాబుంది:
ఉన్నచోటే ఉంటే పోటీ పరాయిదానితో కాదు,
అక్కతో, చెల్లితో.
ఒకటి లేస్తే మిగిలినదానికి ఒక గుక్క ఎక్కువ.
కాగితం మీద అది రెండు వరుసల లెక్క.
చేలో దానికి ఆరు కాళ్లు.

అనంతపురం గదిలో గాజు గిన్నెల్లో పెంచాను.
ఒకదాంట్లో పన్నెండు, ఇంకోదాంట్లో ఒంటరిది.
కిక్కిరిసిన గిన్నెలో రెక్కలొచ్చాయి, సరే.
ఒంటరిదాని పిల్లలకూ వచ్చాయి.
నెల పాటు నిద్ర లేదు.
చివరికి తెలిసింది: రోజూ ఆకు మార్చేటప్పుడు
దాన్ని ఎత్తే కుంచె వెంట్రుకలు.
నా ముట్టుకోవడాన్నే అది జనం అనుకుంది.

ఆ నోటు పుస్తకం పారేయలేదు.

"దిగినాక ఆ రెక్కలేం చేసుకుంటాయి?"
రెక్కలుంటాయి. లోపలి కండ కరిగి
ఆ సత్తువ పిల్లలకు పోతుంది.
మళ్లీ ఎగరలేదు.

సుంకమ్మ రేకు మీది ఆముదం కొంగుతో తుడవబోయి
ఆగి, పాత పేలిక అందుకుంది.
పదహారేళ్లప్పుడు మడకశిర బస్సు దిగిందట ఇక్కడ,
ఒక ట్రంకు పెట్టె, చంకలో కోడిపెట్ట.
"కోడికి గూడా టిక్కెట్టు కొట్న్యాడు మేడం, ఆ కండక్టరు," అంది.
తర్వాత చాలాసేపు ఏమీ అనలేదు.

ఉత్తరం మూల: పదిహేడు.
తూర్పు: నాలుగు, ఒకటి ఇంకా కదులుతోంది.
దక్షిణపు రేకు లేదు.
ఎవరో కోళ్ల గూటికి మూత వేసుకున్నారట.
పట్టికలో ఆ గడి ఖాళీగా వదిలాను.