తిడితే వినపడేంత దూరం

శనివారం పొద్దున్నే
పగిలిన బకెట్లో సున్నం కలుపుతాను.
గని కంపెనీ ఇవ్వడం మానేసి మూడేళ్ళు,
కోళ్ళఫారం మూంబా దగ్గర అరువు.
కుడి గోల్‌పోస్టుకు లోపలివైపు
మోకాలెత్తు చెదపుట్ట.
ఎన్నిసార్లు తవ్వినా వానలకు మళ్ళీ లేస్తుంది.
దాని చుట్టూ తిరిగి
నా గీత కాస్త వంకర పోతుంది.
రిఫరీలకు అలవాటే.

ఏడో షాఫ్ట్ రేంజర్స్ ఆటంటే ఒకప్పుడు
రాత్రి షిఫ్టు దిగినవాళ్ళు
ముఖాలైనా కడుక్కోకుండా వచ్చి గోడలెక్కేవాళ్ళు.
రాగి ధర పడిన ఏడు కూడా
గోడ మీద చోటు దొరికేది కాదు.
ఇప్పుడు జనాన్ని లెక్కపెట్టగలను.
పోయిన వారం ముప్పై ఎనిమిది మంది,
అందులో ఇద్దరు నిద్రపోతూ.

తక్కిన ఊరంతా రోడ్డవతల
కపంపా బార్లో, పెద్ద టీవీ ముందు.
మాంచెస్టర్‌లో వాన పడితే
ఇక్కడ గొడుగులు వెతుక్కుంటారు.
ఎర్ర చొక్కా ముసాకన్య
కిట్వే దాటి ఎరగడు,
"మనం గెలిచాం" అంటాడు, "మనల్ని మోసం చేశారు" అంటాడు.
ఆ మనంలో నిన్ను కలుపుకున్నారా నాయనా
అని అడగబోయి ఊరుకుంటాను.
నేనూ చూస్తాను, అబద్ధమెందుకు.
ఆ పచ్చిక మీద ఒక్క కునుకు తీయాలనిపిస్తుంది.

ఆ శనివారం రెండో సగంలో కరెంటు పోయింది.
కారిబాలో నీళ్ళు అడుగంటాయి,
కరెంటుకిప్పుడు వేళాపాళా లేదు.
సీసాలు చేతబట్టుకుని
ఎండకు కళ్ళు చికిలిస్తూ బయటికొచ్చారు.
ఈల వినపడింది.
వేరే పనేం లేక
ఒక్కొక్కరే వచ్చి గోడెక్కారు.

మా ఫెస్టన్ లుచెంబే, సైకిళ్ళు బాగుచేసే కుర్రాడు,
ఖాళీ గోలు ముందు నిలబడి
బంతిని మొక్కజొన్న చేలోకి తన్నాడు.
"ఒరే ఫెస్టన్! నా సైకిలు చైనూ
ఇలాగే బిగించావురా!" ముసాకన్య గొంతు.
ఫెస్టన్ ఆగాడు. వెనక్కి తిరిగాడు.
"డబ్బులిచ్చావేంటి, సరిగ్గా బిగించడానికి?"

మైదానమంతా నవ్వింది, అవతలి గోల్‌కీపరు కూడా.
ముసాకన్య మాత్రం నోరు తెరిచి అలాగే ఉండిపోయాడు.
పదకొండేళ్ళుగా టీవీ మీద అరుస్తున్న మనిషి,
ఇంతవరకూ అందులోంచి
ఎవరూ తల తిప్పి చూడలేదు.

ఇక ఆగలేదు గోడ.
ఎడమ బ్యాకును వాళ్ళమ్మ పేరుతో,
లైన్స్‌మన్‌ను వాడి పాత అప్పులతో,
వరసగా అందరినీ పలకరించింది.
చివరి నిమిషంలో ఫెస్టన్ మళ్ళీ కొట్టాడు.
బంతి కీపర్ని దాటి, పోస్టును రాసుకుని
చెదపుట్టకు తగిలి
అక్కడే కూర్చుంది, అలిసిపోయిన కోడిలా.

రిఫరీ ముటింటామ్మ వంగి చూసింది.
గీత లోపలా? బయటా?
వంకర గీతకు లోపలేది, బయటేది?
"ఈ గీత ఎవరిది?"
"నాదేనమ్మా."
"అయితే నువ్వే చెప్పు."

తెర మీదైతే పది కెమెరాలు తిప్పి తిప్పి చూపిస్తాయి.
ఇక్కడ నా రెండు కళ్ళు,
ఒకదానికి పొర.
మోకాళ్ళ మీద కూర్చుని చూశాను.
బంతికి సున్నం అంటుకుంది. అంతే.
"దాటలేదు" అన్నాను.

అప్పుడు లేచింది చూడండి గోడ!
"లామెక్! గుడ్డి మేకా!
నీ సున్నంలో నిన్నే పాతరేస్తాం!"
ఇరవై రెండేళ్ళు ఈ గీతలు గీశాను,
నా పేరు ఇంతమందికి తెలుసని
నాకు తెలియదు.
ఒకణ్ణే నిలబడి
ఆ తిట్లన్నీ ఒంటి మీద పడనిచ్చాను,
తొలివాన పడనిచ్చినట్టు.

కరెంటొచ్చింది. బార్లోంచి అరుపు.
సగంమంది దూకి పరుగెత్తారు.
ముసాకన్య గోడ దిగి నా దగ్గరికొచ్చాడు,
కొడతాడేమో అనుకున్నాను.
పుట్టను బూటుతో తట్టి చూశాడు.
"వచ్చే శనివారం పార తెస్తాను," అన్నాడు,
"దీన్ని మనం తవ్విపారేద్దాం."

సరేనన్నాను.
తవ్వినా మళ్ళీ లేస్తుందని
చెప్పలేదు.