నలభై మూడో పేజీ

లెస్టర్‌లో ఒక ఛారిటీ షాపు,
గొడుగుల బుట్ట పక్కన దొరికింది.
అట్ట లేదు. లోపల పెన్సిల్‌తో: డెరెక్ హాలమ్, 1961.

అందులో చెప్పిన సినిమాలు సగం నేనెరగను.
కొన్నిటి రీళ్లు కాలిపోయాయట.
దాని కత్తెర నిజం కత్తెర, జిగురు నిజం జిగురు.
నేను మౌసుతో
పెళ్లి వీడియోలు కోసుకుని బతికే రకం.

రాత్రి ఓ రిసెప్షన్. పాట అవగానే తెంచబోయాను.
నలభై మూడో పేజీ చెయ్యి పట్టుకుంది:
అంచు దాటినా మనిషి నడుస్తూనే ఉంటాడు.

ఆగాను.
ప్లేట్లు ఎత్తే కుర్రాడు తెరలోంచి వెళ్లిపోయాడు.
నాలుగు సెకన్లు ఖాళీ గోడ.
ఆపైన ఎక్కడో, వాడి ఈల.
ఉంచేశాను.

ఆ వాక్యం పక్కనే డెరెక్
"కాదు" అని రాసుకున్నాడు.
ఎన్నేళ్లకో మరి,
వణికే సిరాతో కొట్టేశాడు.