తర్జుమా

సజా ఇండస్ట్రియల్ ఏరియా. సిమెంటు బ్లాకుల ఫ్యాక్టరీ.
లెక్క రాసేటోణ్ని నేను.
కొంచెం ఉర్దూ, కొంచెం అరబ్బీ వచ్చు.
ఎవరన్న సారు వస్తే చాలు
పదిమంది నోళ్లు నా ఒక్క నోట్లెకు వస్తయి.

లింబాద్రి మిషిన్ కింద పలకలు గుంజేటోడు.
పాస్‌పోర్టుల పేరు గంగనర్సయ్య,
వయసు ఇరవై రెండు.
పేరు వాళ్లన్నది. వయసూ అన్నదే.
అన్నను మడికాడ కరెంటు మోటరు కొట్టింది,
సర్టిఫికెట్ మాత్రం రేకుపెట్టెల మిగిలింది.
మోర్తాడ్ ఏజెంటు దానికి తమ్ముని ఫోటో అతికిచ్చిండు.

రూముల పదకొండు మందిమి.
"గంగనర్సూ" అని పిలిస్తే
మొదటి పిలుపుకు పలుకడు.
చచ్చినోడు పలుకుతడేమోనని
ఒక్క గడియ ఆగి చూస్తడు,
అప్పుడు "ఆఁ" అంటడు.

రోజూ బ్లేడుతోని మీసం గీక్కునేటోడు, జల్ది రావాలని.
మీసం రాలే.
సిమెంటు మొలిచింది, పెదవి మీద, రెప్పల మీద.
ఓ శుక్రవారం డ్రమ్ము మూతను పుల్లతోని దొర్లిచ్చుకుంట
క్యాంపు చుట్టూ ఉరుకుతుంటే
ఫోర్‌మన్ నవ్విండు.
నాకు నవ్వు రాలే.

తనిఖీకి వచ్చిండు ఇన్‌స్పెక్టరు.
తెల్ల కందూర, చంకల ఫైలు. మంచోడే.
"వీని వయసెంత?" అని నన్నడిగిండు.
నేను లింబాద్రినడిగిన.
"పదిహేను" అన్నడు వాడు,
తెలుగుల, మెల్లగ, ఇంట్ల చెప్పినట్టు.
నేను అరబ్బీల ఇరవై రెండన్న.

ఒక నోట్లెకెల్లి ఇంకో నోట్లెకు పోయేలోపట
ఏడేండ్లు మింగిన.

వచ్చే నెల పలక జారి మణికట్టు మీద పడ్డది.
దవాఖానల ఎక్స్‌రేను వెలుగుకు పట్టి
సూడానీ డాక్టరు చాలాసేపు మాట్లాడలే.
ఎముక కొసకు సన్నటి నల్ల గీత.
విరిగింది కాదట,
ఇంకా అతుకనిది. ఇంకా పెరిగేది.
"ఈ చెయ్యికి ఇరవై రెండు లేవు" అన్నడు.
స్టాంపు అబద్ధమాడింది, నేనాడిన.
ఎముక దగ్గరికి ఏ ఏజెంటూ పోలే.

లెక్కల పుస్తకం వెనుక పేజీల అర్జీ రాస్తున్న.
అయ్యా,
పిల్లలను పనిల పెట్టద్దని గేటు మీద బోర్డున్నది.
వాడు ఆ గేటు దాటింది రాత్రిపూట.
పిలగాన్ని విమానమెక్కిచ్చి చేతులు కడుక్కోకుండ్రి.
నూటికి మూడు రూపాల మిత్తి
వానికంటె ముందే ఇల్లు చేరుతది,
వాళ్లమ్మ బీడీల చాట పక్కన కూసుంటది.
ఆ అప్పు ఎవరు తెచ్చిండ్రో వాళ్లనడుగుండ్రి,
ఏజెంటును, కంపెనీని.
లెక్క రాసినోణ్ని, నన్నుగూడ అడుగుండ్రి.
చేతుల సత్తువ చూసి పనిల పెట్టుకునే ముందు
ఒక్కసారి చెయ్యి లోపల చూడుండ్రి.

కింద సంతకం పెట్టిన.
పక్కన నీ పేరు రాయిరా అన్న.
కుడిచెయ్యి కట్టుల ఉన్నది,
ఎడమచేత్తోని కలం పట్టుకొని
వాడు చాలాసేపు ఆగిండు,
ఏ పేరు రాయాల్నో తెల్వక.