గీత చివర ఉన్నోడు

ఆదోని పత్తి యార్డులో, పడమటి షెడ్డు కింద
బోర్లించిన తట్ట మీద కూర్చుని గీస్తున్నాను.
ముందొక నల్ల చుక్క: బండి గేటు దాటింది.
ఇక్కడి నుంచే అంతా మొదలని
మాకు నేర్పిన లెక్క.

కాగితాన్ని నిలువుగా నాలుగు సాళ్లు తోలాను.
రైతుకొకటి, ఏజెంటుకొకటి, కొనేవాడికొకటి, కాటాకొకటి.
ఎవరి పని వాళ్ల సాల్లో.
లాటు నంబరు. శాంపిలు. టెండరు. తూకం. చీటీ.
మూలలు గుండ్రంగా నున్నటి పెట్టెలు, మధ్యన బాణాలు.
ప్రశ్న వచ్చిన చోట గాలిపటమంత ఒక బొమ్మ,
దానికి రెండు తోకలు.

తేమ ఎక్కువుందా?
లేదు: టెండరుకు పో.
ఉంది:
బాణం గీసి, కొన దగ్గర పెన్ను ఆపాను.
ఆఫీసు వాళ్లిచ్చిన కాగితంలో
తిరస్కరణ అన్న మాట తప్ప ఏమీ లేదు.

హమాలీ గాదిలింగ బీడీ చెవిన పెట్టి వంగి చూశాడు.
చదువు రాదంటాడు. బాణాలు చదివాడు.
"ఈయప్ప యాడికి పోతాడు మేడం?"
ఏ అప్ప?
"ఈ గీత సివర ఉన్నోడు."

నా దగ్గర పెట్టె లేదు.

"ఊరికి పోలేడు, మల్లా బండి బాడుగ ఎవురిస్తారు?
ఈడనే బండల మింద ఎండకేస్తాడు.
రేత్రికి గోతం కప్పుకోని దాని పక్కనే పండుకుంటాడు.
తెల్లారి మల్లా ఆ పుల్ల మిషను పొడిపించుకుంటాడు."

ఎండబెట్టు అని ఒక పెట్టె గీశాను.
అక్కడి నుంచి వెనక్కి ఒక బాణం,
రెండు సాళ్లు తొక్కుకుంటూ, లాటు నంబరు మీదుగా.
కాగితం అందం చెడింది.

ఫోటో పంపితే రఫియా మేడం ఫోను చేసింది.
ఈ చుట్టు ఎన్నిసార్లు తిరుగుతుంది?
హద్దు రాయకపోతే ఎట్లా?
గాదిలింగనడిగాను. నవ్వాడు.
"సేతిలో దుడ్లు అయిపోయేదంక."

తూకం కింద ఒక మందపాటి అడ్డగీత.
అక్కడ దారి చీలుతుంది: సరుకు మిల్లుకు, డబ్బు ఖాతాకు.
ఇంకో అడ్డగీత దగ్గర రెండూ కలవాలి.
ఏది ముందొచ్చినా రెండోది వచ్చేదాకా నిలబడాలి.
నా బొమ్మలో పత్తి నిలబడుతుంది.
యార్డులో పత్తి మధ్యాహ్నానికే మిల్లు చేరి
గింజ వేరు, దూది వేరు అయిపోయింది.
నిలబడింది నాగరూరు ఈరమ్మ బావ,
కిటికీ దగ్గర, చీటీ చేత పట్టుకుని,
నిన్నటి నుంచి.

చివరి చుక్కకు చుట్టూ సున్నా గీయబోతుంటే
రేకుల మీద టపటపమంది.
ఈరమ్మ కుప్ప ఇంకా బండల మీదే ఉంది, మూడో రోజు.
టార్పాలిన్ పట్టుకుని ముగ్గురు ఉరికారు.
కాగితం మడిచి బొడ్లో దోపుకుని
నాలుగో మూలకు నేను పోయాను.

"ఎత్తద్దండి! ఎత్తద్దండి!" గాదిలింగ అరుస్తున్నాడు వానలో,
"నాలుగు సేతులూ పడినాంకనే."