గంటా పదకొండు నిమిషాలు

పెరంబూరులో వాన. కరెంటు పోయింది.
మిషను ఒక్క నిట్టూర్పు విడిచి ఊరుకుంది.

మొదటి నెలంతా ఏ రెండింటికో
నిద్రలోనే మాస్కు పీకి మంచం కిందకి విసిరేవాణ్ణి.
పొద్దున ముక్కు మీది గాటు చూసి
టీకొట్టు సెల్వం, "ఇంట్లో గొడవా సార్?" అనేవాడు.
కార్డులో అంతా రాసుంటుందట.
డాక్టరమ్మ ముందు అబద్ధం చెల్లలేదు:
గంటా పదకొండు నిమిషాలు.

ఇప్పుడు ఆరు గంటలు.
గొట్టం కడిగి బాల్కనీ తీగ మీద
హైమావతి చీర పక్కన ఆరేస్తాను.

చీకట్లో ఆమె మేలుకునే ఉంది.
నా గురక ఆగిన చోటల్లా
ఒకటి, రెండు, మూడు... లెక్కపెట్టడం
ఇరవై ఏళ్ల అలవాటట.
ఇవాళే చెప్పింది.

కరెంటొచ్చింది.
తడుముకుని మాస్కు నా చేతికిచ్చి
అటు తిరిగి
నాకంటే ముందే నిద్రపోయింది.